లేపాక్షి పైకప్పు, కర్నూలు ఫ్లెక్సీ: కళా ఉద్యమాల నుంచి పోస్టర్ ఏం తీసుకోవాలి?

క్లుప్తంగా: ఒక కళా ఉద్యమాన్ని పోస్టర్‌లోకి తేవడమంటే దాని నగిషీలను తెచ్చి అతికించడమే అన్న అభిప్రాయం బలపడుతోంది. నిజానికి ప్రతి ఉద్యమం వెనకా అచ్చు యంత్రం, రంగుల ఖర్చు, చూసే దూరం పెట్టిన షరతులున్నాయి. ఆ షరతులకు చిత్రకారులు కనిపెట్టిన ఉపాయాలే పోస్టర్‌కు పనికొచ్చే సరుకు. తెలుగు లిపికి వాటిలో కొన్ని అతుకుతాయి, కొన్ని అతకవు. కొన్నిటికి జవాబు లేపాక్షి గుడి చిత్రాల్లోనూ నిమ్మలకుంట తోలుబొమ్మల్లోనూ ముందే దొరికింది.

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్, అనంతపురం క్లాక్ టవర్, కడప ఏడు రోడ్ల కూడలి, ఎక్కడ చూసినా ఫ్లెక్సీది ఒకే మూస. పైన గుండ్రటి చట్రాల్లో వరసగా ముఖాలు, నడుమ నిలువెత్తు మనిషి, వెనక నీలాకాశం, కాంతి కిరణాలు, కింద బంగారు మెరుపుతో పేరు. ఆ మూసతో విసుగెత్తినవాళ్లు ఈమధ్య కొత్త దారి పట్టారు. పుస్తక ప్రదర్శనలకు, కాలేజీ ఉత్సవాలకు, కాఫీ షాపులకు వేసే పోస్టర్ల మీద ‘ఆర్ట్ డెకో’, ‘బౌహౌస్’, ‘పాప్ ఆర్ట్’ అంటూ ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య కళా ధోరణుల పేర్లు వినిపిస్తున్నాయి. బొమ్మలు గీసే ఏఐ సాధనాల్లో ఆ మాట ఒకటి టైపు చేస్తే క్షణాల్లో ఆ పోలికతో బొమ్మ వచ్చేస్తోంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ పదజాలం తరగతి గదిలోనూ నలుగుతోంది. ఇక్కడే ఒక గందరగోళం ఉంది. పోలిక రావడమే ప్రేరణ అయితే ఆ పని యంత్రం చేసేసింది. ఇక డిజైనర్‌కు మిగిలేదేమిటి?

జవాబు కోసం ఆ ఉద్యమాలు అలా ఎందుకు కనిపించాయో చూడాలి.

రాయి మీద పుట్టిన రూపం

ఆధునిక పోస్టర్ మూలం ఒక బండ. 1796లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ లిథోగ్రఫీని కనిపెట్టాడు. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా పూస్తే జిడ్డున్న చోటే సిరా అంటుకుంటుంది. తడిసిన చోటు సిరాను పట్టదు. కడప, బేతంచెర్ల నాపరాళ్లదీ సున్నపురాయి జాతే కాబట్టి ఈ ప్రాంతం వాళ్లకు ఆ బండను ఊహించుకోవడం కష్టం కాదు. అయితే అచ్చుకు కావలసినంత మెత్తని పొర అన్ని రాళ్లకూ ఉండదు.

ఈ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. నాలుగు రంగులంటే నాలుగు బండలు, కాగితం నాలుగుసార్లు యంత్రం కిందకి పోవాలి. పారిస్‌లో జూల్ షెరే ఈ రంగుల అచ్చును వీధి పోస్టర్‌కు అలవాటు చేశాడు. సరిగ్గా ఆ కాలంలోనే జపాన్ చెక్క అచ్చు బొమ్మలు, ఉకియో-ఎ, యూరప్‌కు చేరాయి. వాటిలో నీడలు లేవు. ముదురు గీత, గీత లోపల ఒకే పూత రంగు, అంచు దగ్గర సగానికి తెగిపోయిన ఆకారాలు. రాళ్లు తక్కువ వాడాలనుకునే పోస్టర్ చిత్రకారుడికి అంతకంటే అక్కరకొచ్చే పాఠం ఏముంటుంది?

1891లో తులూజ్-లోత్రెక్ మూలాఁ రూజ్ నాట్యశాలకు వేసిన పోస్టర్ ఆ రెండు దారులూ కలిసిన చోటు. ఎదురుగా ఒక మనిషి ఆకారం బూడిద రంగులో నీడలా నిలబడి ఉంటుంది. వెనక జనమంతా ఒకే నల్లటి ముద్ద. నడుమ నాట్యకత్తె తెల్ల లంగా మాత్రం వెలిగిపోతుంది. ఆ తెలుపుకు ప్రత్యేకంగా రంగేమీ పూయలేదు, కాగితాన్ని ఖాళీగా వదిలాడు. జనాన్ని ఒక్కొక్కరిగా గీయకపోవడంలో సౌందర్య దృష్టి ఎంత ఉందో, రాళ్ల లెక్క అంతే ఉంది.

ఈ బొమ్మను ‘ప్రేరణ’గా తీసుకుని పాత కాగితం రంగు, ఫ్రెంచి టోపీలు తెచ్చుకుంటే చేతికి దక్కేది పైపొర మాత్రమే. జనాన్ని ఒకే ముద్దగా చూపించడం, వెలుగును కాగితానికి వదిలేయడం మాత్రం ఏ ఊరి తిరునాళ్ల పోస్టర్‌కైనా పనికొస్తాయి.

మన ఫ్లెక్సీకీ ఒక వంశవృక్షం ఉంది

ఫ్లెక్సీకి కళా ఉద్యమాలతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1894లో బొంబాయిలో రాజా రవివర్మ ప్రెస్ మొదలైంది. యూరప్ అకాడమీల వాస్తవిక చిత్రణ, అంటే వెలుగునీడలతో ఒళ్లు నిండుగా కనిపించే మనిషి, వెనక లోతున్న దృశ్యం, దేవుళ్ల బొమ్మల రూపంలో ఇంటింటి గోడకూ చేరింది. అక్కడి నుంచి క్యాలెండర్లకు, శివకాశి అచ్చుకు, సినిమా వాల్‌పోస్టర్‌కు, చివరికి ఫోటోషాప్ టెంప్లేట్‌కు ఆ చూపే వారసత్వంగా వచ్చింది. నాయకుడి తల వెనక కాంతి చక్రం, పాదాల దగ్గర మబ్బులు క్యాలెండర్ దేవుడి దగ్గర తెచ్చుకున్నవే.

ఆ చూపు తక్కువదేమీ కాదు. గదిలో, దీపం పెట్టే చోట, రోజూ దగ్గర నిలబడి చూసే బొమ్మకు అది తగింది. రోడ్డు మీద పరిస్థితి వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. మూడు సెకన్లు చూశాడనుకున్నా 33 మీటర్లు ముందుకు వెళ్లిపోతాడు. ఆ మూడు సెకన్లలో పాతిక ముఖాలను ఎవరూ గుర్తుపట్టలేరు.

ఫ్లెక్సీ యంత్రం ఇంకో మార్పు తెచ్చింది. రాయి మీదా స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ రంగు పెరిగితే ఖర్చు పెరిగేది. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్క. ఒక రంగు వాడినా వెయ్యి రంగులు వాడినా అదే రేటు. ‘ఇంకొకటి పెట్టన్నా’ అనే కస్టమర్‌ను ఆపే బలం యంత్రం వైపు నుంచి పోయింది. తీసేయడం ఇప్పుడు డిజైనర్ తనంతట తాను చేయాల్సిన పని. పాత ఉద్యమాలు పనికొచ్చేది ఇక్కడే, అవన్నీ తీసేయడం తెలిసినవి కాబట్టి.

తీసివేత నేర్పినవాళ్లు

1906 ప్రాంతంలో బెర్లిన్‌లో ప్రీస్టర్ అగ్గిపెట్టెల కంపెనీ పోటీకి లూసియాన్ బెర్న్‌హార్డ్ ఒక పోస్టర్ వేశాడు. మొదట బల్ల, యాష్‌ట్రే, చుట్ట, పొగలో నాట్యకత్తెలు ఉన్న ఆ బొమ్మలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. చివరికి ముదురు నేల రంగు మీద రెండు అగ్గిపుల్లలు, కంపెనీ పేరు మిగిలాయి. ‘ప్లకాట్‌స్టిల్’ (జర్మన్‌లో ‘పోస్టర్ శైలి’) అని పేరుపడ్డ ధోరణికి అది మొదటి మెట్టు.

రష్యా కన్‌స్ట్రక్టివిజం పేరు చెప్పగానే ఎరుపు, నలుపు, ఏటవాలు గీతలు గుర్తొస్తాయి. ఆ రెండు రంగులు విప్లవానికి గుర్తు మాత్రమే కాదు, తక్కువ ఖర్చులో అచ్చయ్యే జంట కూడా. విప్లవకారుల ఎర్రసేన, వాళ్లను ఎదిరించిన తెల్లసేన తలపడ్డ అంతర్యుద్ధ కాలంలో ఎల్ లిసిట్‌స్కీ తెల్లటి వృత్తంలోకి ఎర్రటి త్రికోణాన్ని దిగేశాడు. చదువు రానివాళ్లకూ ఎవరు ఎవరిని చీలుస్తున్నారో తెలిసిపోయింది. 1924లో రోద్‌చెంకో పుస్తకాల ప్రచారానికి వేసిన పోస్టర్‌లో ఒక స్త్రీ చేయి నోటి దగ్గర పెట్టి కేకేస్తుంటుంది. నోటి దగ్గర చిన్నగా మొదలైన అక్షరాలు దూరం పోయేకొద్దీ పెద్దవవుతాయి. కేకకు ఆకారమిచ్చాడు. ఏటవాలు గీత అక్కడ ఒక పని చేస్తోంది. ఈరోజు కోచింగ్ సెంటర్ బ్యానర్ల మీద కనిపించే ఏటవాలు పట్టీ ఏ పనీ చేయదు, అది ఫ్యాషన్‌గా వచ్చి కూర్చుంది.

వస్తువుల్ని జ్యామితి ఆకారాలుగా విడగొట్టి చూపిన క్యూబిజం నుంచి ఫ్రెంచి పోస్టర్ చిత్రకారుడు కసాండ్ర్ తీసుకున్నది ఆ జ్యామితినే. 1935లో నోర్మాండీ ఓడకు వేసిన పోస్టర్‌లో ఓడ ముందుభాగం గోడలా పైకి లేస్తుంది. అడుగున చుక్కలంత పక్షులు ఎగురుతుంటాయి. ఓడ పెద్దదని చెప్పింది ఆ పక్షులే. అరవై అడుగుల కటౌట్‌తో సాధించాలనుకునే గొప్పతనాన్ని ఆయన కాగితం మీద కొన్ని చుక్కలతో సాధించాడు.

ఒక ఉద్యమం ఇంకో కాలంలో ఎలా మొలకెత్తుతుందో చెప్పడానికి వియన్నా, శాన్‌ఫ్రాన్సిస్కో కథ చక్కటి ఉదాహరణ. 1903లో వియన్నా సెసెషన్ అనే కళాకారుల సంఘం ప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ రోలర్ రాసిన అక్షరాలు దాదాపు చదరపు దిమ్మెలు, లోపలి ఖాళీలు సన్నటి గాట్లంత. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్ విల్సన్ రాక్ సంగీత కచేరీలకు ఆ అక్షరాలనే తీసుకుని మంటలా సాగదీశాడు. చదవడం కష్టం, అదే ఆయనకు కావాలి. నిలబడి, తల వంచి, విడదీసుకుని చదివే కుర్రకారు ఆయన పాఠకులు. అదే పద్ధతి కాలేజీ హాస్టల్ గోడకు నప్పుతుంది, హైవే పక్కన బోర్డుకు నప్పదు.

తెలుగు అక్షరం దగ్గర వచ్చే చిక్కు

ఈ ఉద్యమాల్లో ఎక్కువ భాగం రోమన్ లిపిని చూసుకుని ఎదిగాయి. రోమన్‌లో పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, వరసగా పేరిస్తే ఇటుక గోడలా కుదురుతాయి. కన్‌స్ట్రక్టివిస్టు పట్టీలకూ, జోసెఫ్ మ్యూలర్-బ్రాక్‌మన్ లాంటి స్విస్ డిజైనర్ల గడులకూ పునాది అదే. తెలుగుకు పెద్దక్షరాలు లేవు. పైన గుడులు, కింద వత్తులు, పక్కకు సాగే కొమ్ములు ఉన్నాయి. ఇది మాటల్లో చెప్పడం కంటే మూడు ఊళ్ల పేర్లు రాసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

‘కడప’. మూడు అక్షరాలు, మూడింటికీ తలకట్టే. గుడి లేదు, కొమ్ము లేదు, వత్తు లేదు. పైన ఒక గీత, కింద ఒక గీత గీస్తే పేరంతా వాటి మధ్య ఇమిడిపోతుంది. స్విస్ పద్ధతిలో ఎంత బిగించి పెట్టినా ఊపిరాడుతుంది. తలకట్లు మూడూ ఒకే కోణంలో పైకి లేస్తాయి కాబట్టి చూపు ఎడమ నుంచి కుడికి దానంతటదే జారుతుంది.

‘అనంతపురం’. ఇందులో రెండు సున్నలున్నాయి, రెండు పూర్తి వృత్తాలు. జర్మనీ డిజైన్ పాఠశాల బౌహౌస్ పాఠాల్లో వృత్తం, చతురస్రం, త్రికోణం మూలరూపాలు. ఇక్కడ ఒక మూలరూపం లిపిలోనే పుట్టుకతో ఉంది. బయటి నుంచి వృత్తాన్ని తెచ్చి అలంకరించక్కర్లేదు. ‘పు’ కొమ్ము ఒక్కటే వరసను కొంచెం చెదరగొడుతుంది.

‘కర్నూలు’. అసలు పరీక్ష ఇదే. నడిమి అక్షరంలో ‘ర’ కింద ‘న’ వత్తు, ఆ పైన దీర్ఘపు కొమ్ము, తర్వాత ‘లు’లో ఇంకో కొమ్ము. పేరు కిందికీ దిగుతుంది, కుడివైపుకూ సాగుతుంది. దీన్ని రోమన్ పట్టీలో బిగిస్తే రెండే జరుగుతాయి: వత్తు కింది వరసకు తగులుతుంది, లేదా దాన్ని నలిపి చుక్కంత చేస్తారు. చిన్న ఊళ్ల బోర్డుల మీద కనిపించే నలిగిన వత్తులన్నీ ఇలా వచ్చినవే. అదే పేరును ఆర్ట్ నూవో చేతికిస్తే వత్తు భారం కాదు. తీగలా సాగే గీత ఆ ఉద్యమానికి ప్రాణం. 1894 చివర్లో పారిస్‌లో నటి సారా బెర్న్‌హార్ట్ నాటకానికి ఆల్ఫోన్స్ మూఖా వేసిన పోస్టర్‌తో ప్రాచుర్యం పొందిన ఆ వంపులకు ‘ర్నూ’ లాంటి అక్షరం కొమ్ముకు కొమ్ముగా జవాబిస్తుంది. వత్తును దించి, కొమ్మును సాగదీసి, ఆ వంపులో బురుజునో తుంగభద్రనో పెట్టుకోవచ్చు.

కాబట్టి ‘తెలుగుకు ఏ ఉద్యమం సరిపోతుంది?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ మాట రాస్తున్నామన్నదాన్ని బట్టి ఉద్యమాన్ని ఎంచుకోవాలి. ఫాంట్ జాబితా తెరవకముందే ఆ మాటను చేత్తో పదిసార్లు రాసి చూడటం ఎంత విలువైన అలవాటో బాపు అక్షరాలు చెబుతాయి. ఆయన చేతిరాత ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖల దాకా వెళ్లిందంటే, ఆ గీత బొమ్మ గీసిన కుంచెలోంచే వచ్చింది కాబట్టి. ఏఐ సాధనాలు తెలుగులో తరచూ తడబడేది కూడా వత్తుల దగ్గరే. పోలిక తెచ్చినంత తేలిగ్గా అవి అక్షరాన్ని తేలేకపోతున్నాయి.

పైకప్పు మీది పాఠం

పాత అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం విజయనగర కాలం నాటిది, 16వ శతాబ్దపు కట్టడం. దాని మండపాల పైకప్పుల మీది చిత్రాలను పర్యాటకులు గొప్ప కళగా చూసి వస్తారు. డిజైనర్ వాటిని దూరం అనే సమస్యకు పరిష్కారంగా చూడాలి.

చూసేవాడు కింద నిలబడి మెడ వెనక్కి వంచుతాడు. మండపంలో వెలుతురు తక్కువ. మెడ నొప్పి పుట్టేలోగా కథ అర్థం కావాలి. పోస్టర్‌కున్న షరతులు దాదాపు ఇవే. ఆ చిత్రకారులు ఏం చేశారు? గచ్చు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు వంటి కొద్దిపాటి రంగులకే కట్టుబడ్డారు. నేపథ్యంలో లోతు చూపించే ప్రయత్నం చేయలేదు. ఒకే రంగు పరిచి, దాని మీద నల్లటి గీతతో మనుషుల్ని నిలబెట్టారు. ముఖాలు ఎక్కువగా పక్క నుంచి కనిపిస్తాయి. ముక్కు, గడ్డం, పెద్ద కన్ను ఒక్క గీతలో దూరానికి తెలిసిపోతాయి. కథను పొడవాటి పట్టీలుగా విడదీశారు. నగిషీ అంతా చీరల మీద పెట్టారు. గళ్లు, చారలు, పువ్వులు ఒక్కో మనిషినీ పక్క మనిషి నుంచి విడదీస్తాయి. అలంకారం అక్కడ గుర్తుపట్టే పని చేస్తోంది. ఆ నమూనాలే తర్వాత ధర్మవరం చీర అంచుల మీదికి చేరాయి.

మూడు వందల ఏళ్ల తర్వాత పారిస్ చిత్రకారులు జపాన్ బొమ్మల్లో చూసి ఆశ్చర్యపోయిన లక్షణాలు, గీత, పూత రంగు, నీడ లేకపోవడం, ఇక్కడ పైకప్పు మీద ఉన్నాయి. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారని దీనర్థం కాదు. షరతులు ఒకటైతే పరిష్కారాలూ దగ్గరికొస్తాయి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలది ఇంకా కఠినమైన షరతు. బొమ్మ తెర వెనక ఉంటుంది, దీపం దాని వెనక. మేకతోలును గీకి గీకి వెలుగు దూరేంత పల్చన చేసి రంగులద్దుతారు. నగలను రంగుతో గీయరు, తోలుకు సన్నటి రంధ్రాలు పొడుస్తారు. దీపం వెలిగాక ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుతురే ముత్యాల వరుస. లోత్రెక్ కాగితాన్ని వదిలి లంగా చేశాడు, ఇక్కడి కళాకారుడు తోలును తీసేసి హారం చేశాడు. బయటి ఆకారం చూడగానే ఇది హనుమంతుడు, ఇది రావణుడు అని పిల్లవాడు చెప్పగలగాలి, లేకపోతే ఆట నడవదు. ఈ కళను నిలబెట్టినందుకు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను స్కాన్ చేసి ఫ్లెక్సీ మూలన అతికించడం ఈమధ్య సాంస్కృతిక కార్యక్రమాల్లో పరిపాటి అయింది. ఆకారంతోనే మనిషిని పోల్చుకునేలా చేసే ఆ నేర్పును మాత్రం ఎవరూ తెచ్చుకోవడం లేదు. ఇది నిజంగా నష్టం.

ప్రేరణ ఎక్కడ ఆగి కాపీ మొదలవుతుంది?

చట్టం సంగతి కొంత తేలిక. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం బొమ్మ మీద హక్కు చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. శైలికి హక్కు ఉండదు, ఫలానా బొమ్మకు ఉంటుంది. 1939లో పోయిన మూఖా పని ఇక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. 1968లో పోయిన కసాండ్ర్ పోస్టర్‌ను 2028 ఆఖరు దాకా యథాతథంగా అచ్చేయకూడదు, ఆయన కట్టిన జ్యామితిని మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. బాపు బొమ్మలకు 2074 వరకు రక్షణ ఉంది. లేపాక్షి చిత్రాలకు కాపీరైట్ లేకపోయినా, నెట్‌లో దొరికే వాటి ఫోటోలు తీసినవాళ్లవి.

బతికున్న హస్తకళాకారుల విషయం చట్టంతోనే తీరదు. తోలుబొమ్మ నమూనా కావాలనుకుంటే నిమ్మలకుంటకు వెళ్లి గీయించుకుని డబ్బివ్వడం న్యాయం. కర్నూలు నుంచైనా ఒక్క రోజు ప్రయాణం.

ఒక చెనక్కాయ పోస్టర్

ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడు గుడ్డ బ్యానర్ల మాట మళ్లీ వచ్చింది. గుడ్డ మీద స్క్రీన్ ప్రింటింగ్ అంటే రంగుకో స్క్రీన్, అంటే పాత షరతు తిరిగి వచ్చినట్టే. ఆ షరతు కింద ఒక పని ఎలా మారుతుందో చూడొచ్చు.

అనంతపురంలో వేరుశనగ విత్తన మేళాకు పోస్టర్ కావాలనుకుందాం. అలవాటైన పద్ధతిలో అయితే పచ్చని పొలం ఫోటో, నవ్వే రైతు, అతిథుల ముఖాలు, పదకొండు వరసల సమాచారం. ‘బౌహౌస్ స్టైల్’ అని యంత్రాన్ని అడిగితే ఎరుపు, నీలం, పసుపు దిమ్మెల మధ్య ఎక్కడో ఒక కాయ కనిపిస్తుంది. జర్మనీ కనిపిస్తుంది, చేను కనిపించదు.

బెర్న్‌హార్డ్ దారిలో వెళితే ముందు పొలం పోతుంది, తర్వాత రైతు, తర్వాత అతిథులు. నిలువునా చీలిన ఒక్క కాయ మిగులుతుంది, లోపల రెండు గింజలు. లేపాక్షి దారిలో దానికి నీడలు తీసేసి నల్లటి గీత ఇవ్వాలి, వెనక ఈ నేల ఎర్రమట్టి రంగు ఒక్కటే పరచాలి. నిమ్మలకుంట దారిలో గింజలకు రంగు పూయక్కర్లేదు, గుడ్డను ఖాళీగా వదిలేస్తే అవే తెల్లగా వెలుగుతాయి. ఇక ఊరి పేరు రాయాలి. ‘అనంతపురం’లో సున్నలు రెండు, కాయలో గింజలు రెండు. పేరును కాయ పొడవునా పరిచి, సున్నలు పడే చోట గింజల్ని కూర్చోబెడితే అక్షరమూ బొమ్మా ఒకటవుతాయి. తేదీ, స్థలం కింద ఒక్క వరసలో. మొత్తం రెండు స్క్రీన్లు, ఒకటి ఎరుపుకు, ఒకటి నలుపుకు.